ఏడు సముద్రాలు దాటిన ఇంటిపేరు

ఇంగ్లండులో బహు కొద్ది కుటుంబాలకు మాత్రమే ఉన్న ‘హేవలాక్’ అనే ఇంటిపేరు గోదావరి వంతెనకూ, అండమాన్ దీవికీ ఎలా వచ్చింది? దీవి పటం మీదినుంచి ఎలా తొలగిపోయింది?

రాజమహేంద్రవరం వద్ద రైలులో గోదావరి దాటేవారికి కిటికీలోనుంచి ఒక పాత వంతెన కనిపిస్తుంది. దాని మీద రైళ్లు నడవడం మాని చాలాకాలమైంది. అయినా నదిలో దాని రాతి స్తంభాలు వరుస తప్పకుండా నిలిచే ఉన్నాయి. ఊరివారు దానిని హేవలాక్ వంతెన అంటారు. అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన, బంగాళాఖాతపు ఆవలి అంచున, దట్టమైన అడవులూ తెల్లని ఇసుక తీరాలూ గల ఒక దీవి ఉన్నది. 2018 సంవత్సరాంతం వరకు ప్రభుత్వపు పటాలలో దాని పేరు కూడా హేవలాక్.

రెండింటికీ ఒకే మనిషి పేరు పెట్టి ఉంటారని అనుకోవడం సహజం. కాని వంతెనకు పెట్టిన పేరు ఒక గవర్నరుది. దీవికి పెట్టిన పేరు ఒక సేనానిది. ఇద్దరూ ఒకే కుటుంబంవారు. ఆ కుటుంబం మోసిన పేరు మాత్రం వారికంటె ఏడు వందల ఏళ్లు పాతది. దాని పుట్టుక ఒక కథలో ఉన్నది. దాని వ్యాప్తి ఒక యుద్ధంలో ఉన్నది.

జాలరి కాపాడిన రాకుమారుడు

పూర్వం డెన్మార్క్ దేశపు రాజు మరణిస్తూ తన ముగ్గురు పసిబిడ్డలను గోడార్డ్ అనే సామంతునికి అప్పగించాడట. రాజ్యం మీద ఆశపడిన గోడార్డ్ ఇద్దరు ఆడపిల్లలను స్వయంగా చంపి, మగబిడ్డను సముద్రంలో ముంచివేయమని గ్రిమ్ అనే జాలరికి ఇచ్చాడు. అర్ధరాత్రి గ్రిమ్ గుడిసెలో ఒక వింత జరిగింది. నిద్రపోతున్న బాలుని నోటినుంచి సూర్యకిరణం వంటి వెలుగు వెలువడి ఇల్లంతా నిండింది. భుజం మీద రాజచిహ్నం కనిపించింది. జాలరి ఆ బిడ్డ కాళ్లమీద పడ్డాడు. ఉన్నదంతా అమ్ముకొని, భార్యాబిడ్డలతోపాటు రాకుమారుని కూడా పడవలో ఎక్కించుకొని ఇంగ్లండు చేరాడు. అతడు దిగిన చోటు హంబర్ నదీముఖం. అక్కడ వెలసిన ఊరే గ్రిమ్స్‌బీ.

ఆ బాలుని పేరు హేవలోక్. కరువు వచ్చినప్పుడు అతడు వట్టి కాళ్లతో లింకన్ పట్టణానికి నడిచిపోయి, ఒక ప్రభువు వంటశాలలో నీళ్లు మోసి, కట్టెలు కొట్టి పొట్ట పోసుకున్నాడు. బండరాయి విసిరే పందెంలో అతనిని మించినవాడు లేకపోయాడు. అదే సమయంలో గోల్డ్‌బరో అనే ఇంగ్లండు రాకుమార్తె తండ్రిని కోల్పోయి, గోడ్రిచ్ అనే దుష్టుడైన సంరక్షకుని చేతిలో చిక్కుకొని ఉన్నది. దేశంలోకెల్లా బలాఢ్యుడైన పురుషునికి ఆమెను ఇచ్చి చేయాలని ఆమె తండ్రి ఆజ్ఞ. దానిని అక్షరాలా నెరవేర్చినట్టు నటిస్తూ, ఆమెకు రాజ్యం దక్కకుండా చేయాలని గోడ్రిచ్ వంటశాల కూలివానితో పెళ్లి జరిపించాడు. ఆ రాత్రి ఆమె కూడా ఆ వెలుగును చూసింది. చివరకు హేవలోక్ రెండు దేశాలకూ రాజయ్యాడు.

ఈ కథ వింటుంటే తెలుగువారికి చంద్రహాసుడు గుర్తుకు రాక మానడు. చంపడానికి తీసుకుపోయిన వారి మనసు కరగడం, రాజలక్షణం ఒంటిమీదనే ఉండడం, దుర్మార్గుని ఎత్తు అతనికే తిరగబడడం రెండు కథలలోనూ ఉన్నవే.

1140 ప్రాంతంలో గైమార్ అనే కవి ఫ్రెంచి భాషలో రాసిన ఇంగ్లండు చరిత్రలో హేవలోక్ ప్రసక్తి ఉన్నది. 13వ శతాబ్దం చివరలో ఇంగ్లీషులో సుమారు మూడు వేల పంక్తుల కావ్యం వెలువడింది. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. 1828లో ఫ్రెడరిక్ మ్యాడన్ దానిని అచ్చు వేయించాడు. గ్రిమ్స్‌బీ పట్టణపు ప్రాచీన ముద్రిక మీద కత్తీ డాలూ పట్టిన గ్రిమ్, అతనికి ఇరువైపులా హేవలోక్, గోల్డ్‌బరో నిలిచి ఉంటారు. ఒక పురపాలక సంఘం తన ముద్రిక మీద ఒక జాలరిని నిలుపుకోవడం అరుదైన గౌరవమే.

సముద్రక్రీడా? వారసుడా?

ఈ పేరుకు అర్థమేమిటి? పండితులలో రెండు అభిప్రాయాలున్నాయి. డేన్లు, నార్వే ప్రజలు మాట్లాడిన ప్రాచీన భాషలో ‘హాఫ్’ అంటే సముద్రం. ‘లైక్’ అంటే ఆట. రెండూ కలిసి ‘హాఫ్‌లైక్’ అయి, ఇంగ్లీషువారి నోట హేవలోక్ అయిందని ఒక వాదం. అంటే సముద్రక్రీడ.

రెండవ వాదం ఓలాఫ్ అనే పేరును ఆశ్రయించింది. 10వ శతాబ్దంలో డబ్లిన్‌నూ, ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌నూ ఏలిన ఓలాఫ్ అనే రాజు ఉండేవాడు. అతనికి ‘క్వారాన్’ అని ఎగతాళి పేరు. ఐరిష్ భాషలో ఆ మాటకు చెప్పు అని అర్థం. కథలోని హేవలోక్‌కు కూడా పాత గ్రంథాలలో క్వారాన్ అనే మారుపేరు కనిపిస్తుంది. ఓలాఫ్ అనే పేరు వేల్స్ ప్రాంతపు నోళ్లలో ‘అబ్లోయిక్’గా మారి, అక్కడినుంచి హేవలోక్ అయిందని ఈ పండితుల భావన. ఓలాఫ్ అంటే పూర్వీకులు విడిచివెళ్లినవాడు, అనగా వారసుడు. ఇంటిపేరుకు ఇంతకంటె తగిన అర్థం వేరే ఏముంటుంది?

ఏ వాదం నిజమైనా, పేరు సముద్రం దాటి వచ్చినదనడంలో సందేహం లేదు. 9వ శతాబ్దంలో డేన్లు ఇంగ్లండు తూర్పు, ఉత్తర భాగాలను ఆక్రమించి స్థిరపడ్డారు. మన ఊళ్లకు ‘వాడ’, ‘పల్లి’ చేరినట్టే వారు స్థిరపడిన ఊళ్ల పేర్ల చివర ‘బీ’ చేరింది. గ్రిమ్స్‌బీ, విట్‌బీ, డెర్బీ అటువంటివే.

ఆ రోజులలో ఇంగ్లండులో ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మన్లు దేశాన్ని జయించిన తరువాత, పన్నులకూ ఆస్తి పత్రాలకూ మనుషులను గుర్తుపట్టవలసిన అవసరం పెరిగి, రెండు మూడు శతాబ్దాలలో అవి స్థిరపడ్డాయి. మన ఇంటిపేర్లలో ఊరి పేర్లు, వృత్తుల పేర్లు ఉన్నట్టే వారికీ ఉన్నాయి. స్మిత్ అంటే కమ్మరి. జాన్సన్ అంటే జాన్ కొడుకు. హేవలోక్ అనే పేరుగల పూర్వికుని సంతతి హేవలాక్‌లు అయ్యారు. కమ్మరి లేని ఊరు లేదు కనుక స్మిత్‌లు లక్షలలో ఉన్నారు. హేవలోక్ అని బిడ్డకు పేరు పెట్టుకున్నవారు కొద్దిమందే కనుక హేవలాక్‌లు చాలా తక్కువ. ఆ కొద్ది కుటుంబాలకూ పుట్టినిల్లు ఇంగ్లండు ఈశాన్య మూల: డరమ్, నార్తంబర్లండ్ ప్రాంతాలు.

ఓడలు కట్టేవారి ఇంటినుంచి

ఆ మూలనే, సండర్లండ్ రేవు పక్కన బిషప్‌వేర్మత్‌లో, 1795 ఏప్రిల్ 5న హెన్రీ హేవలాక్ జన్మించాడు. తండ్రి ఓడలు కట్టించే సంపన్నుడు. తరువాత ఆస్తి చితికిపోయింది. ఆనాటి బ్రిటిష్ సైన్యంలో హోదాలను డబ్బిచ్చి కొనుక్కునేవారు. కొనలేని హెన్రీ కెప్టెన్ కావడానికి ఇరవై మూడేళ్లు వేచి ఉండవలసి వచ్చింది. బర్మా, ఆఫ్ఘన్, సిక్కు యుద్ధాలలో పాల్గొన్నా అతని పేరు ఇంగ్లండులో తెలిసినవారు తక్కువ.

అతని జీవితంలో ఒక చిత్రమైన కలయిక ఉన్నది. 1829లో అతడు కలకత్తా దగ్గరి శ్రీరాంపూర్‌లో క్రైస్తవ ప్రచారకుడైన జాషువా మార్ష్‌మన్ కుమార్తె హన్నాను పెళ్లాడాడు. ఆనాడు శ్రీరాంపూర్ బ్రిటిష్‌వారిది కాదు; డెన్మార్క్ వలస. నికోబార్ దీవులు కూడా 1756నుంచి డెన్మార్క్ తనవిగా చెప్పుకున్నవే. 1868లో ఆ హక్కులను బ్రిటిష్‌వారికి అమ్మివేసింది. డేన్ రాకుమారుని పేరు మోసిన ఇంగ్లీషువాడు డేన్ల జెండా కింద పెళ్లి చేసుకొన్నాడు. తరువాత అతని పేరు పడిన దీవి కూడా డేన్లు ఒకప్పుడు తమవన్న దీవులకు ఉత్తరానే ఉన్నది.

1857లో తిరుగుబాటు చెలరేగింది. అరవై రెండేళ్ల హేవలాక్‌కు ఒక చిన్న సేన అప్పగించారు. జులై 7న అలహాబాదులో బయలుదేరి, మండుటెండలలోనూ వానలలోనూ పోరాడుతూ అతడు పది రోజులలో కాన్పూరు చేరాడు. సెప్టెంబరు 25న లక్నో రెసిడెన్సీలోకి చొచ్చుకుపోయాడు గాని తానే ముట్టడిలో చిక్కుకొన్నాడు. రెండవ సేన వచ్చి విడిపించిన కొద్ది రోజులకే, నవంబరు 24న, జిగట విరేచనాలతో మరణించాడు. లక్నోలోని ఆలంబాగ్‌లో అతని సమాధి ఉన్నది.

కాన్పూరులో ఇంగ్లీషు స్త్రీలూ పిల్లలూ హతమైన వార్తతో ఉడికిపోతున్న ఇంగ్లండుకు ఒక వీరుడు కావలసి వచ్చింది. దైవభక్తుడు, పేదరికంలో నెగ్గుకొచ్చినవాడు, విజయం అందిన వెంటనే మరణించినవాడు అయిన హేవలాక్ అందుకు సరిగా సరిపోయాడు. అదే సేనలు దారి పొడవునా భారతీయ గ్రామాలపై సాగించిన ప్రతీకార హింస ఆ వీరగాథలో చోటు చేసుకోలేదు. 1861లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోనూ, సండర్లండ్‌లోనూ అతని విగ్రహాలు వెలిశాయి. ఎండకు మెడ కాలకుండా సైనికుని టోపీ వెనుక వేలాడే గుడ్డకు ‘హేవలాక్’ అని పేరు పడి నిఘంటువులకెక్కింది. పుట్టిన బిడ్డలకు కూడా ఆ పేరు పెట్టారు. 1859లో జన్మించి, స్త్రీపురుష సంబంధాల మనస్తత్వ శాస్త్రంలో ప్రసిద్ధుడైన హేవలాక్ ఎల్లిస్ వారిలో ఒకడు. కథానాయకుని పేరుగా, ఇంటిపేరుగా సాగివచ్చినది మళ్లీ మొదటి పేరైంది.

పేర్లు పోగొట్టుకున్నవారు, పేర్లు పెట్టినవారు

1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే అధికారి రెండు వందల మంది ఖైదీలతో అండమాన్‌లో దిగాడు. తిరుగుబాటు ఖైదీలను ఉంచడానికి ఏర్పరచిన ద్వీపాంతర శిక్షా కేంద్రం అది. ఆ దీవులలో ఖైదీ మెడలో వేలాడే కొయ్యబిళ్ల మీద సంఖ్య ఉండేది. శిక్ష వివరం ఉండేది. మనిషికి అదే గుర్తు. ఇంటిపేరు, ఊరిపేరు నల్లనీళ్ల ఆవలనే నిలిచిపోయాయి.

ఖైదీల పేర్లు బిళ్లల వెనుక మరుగైన చోటనే, వారిని ఓడించినవారి పేర్లు దీవుల మీద వెలిశాయి. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా ఉన్న రిచీ ద్వీపసమూహాన్ని పటంలో చూస్తే 1857 నాటి బ్రిటిష్ సైనిక జాబితా చదువుతున్నట్టు ఉంటుంది. హేవలాక్, నీల్, ఔట్రామ్, హెన్రీ లారెన్స్, జాన్ లారెన్స్, నికల్సన్, విల్సన్, పీల్: అన్నీ ఆ యుద్ధంలో పేరుపొందినవారివే. ఓడిన సిపాయి నల్లనీళ్లు దాటి వచ్చి, గెలిచిన సేనాని పేరు గల తీరాన్ని చూస్తూ బతకవలసి వచ్చింది.

ఈ రెండు పక్షాలకూ ముందునుంచే ఆ దీవులకు సొంతదారులు ఉన్నారు. రిచీ ద్వీపసమూహంలో అకర్-బలే భాష మాట్లాడే అండమానీయులు వేటాడుతూ, చేపలు పడుతూ జీవించారు. బయటివారు తెచ్చిన రోగాలు వారిని ఊడ్చివేశాయి. 20వ శతాబ్దం సగం గడవకముందే ఆ భాష అంతరించింది. ఏ సేనానీ వారిని యుద్ధంలో జయించలేదు. కాని వారి మాటలు పటంలోకి రాలేదు.

అన్న కొడుకు, అఖండ గోదావరి

హెన్రీ అన్న విలియం హేవలాక్ కూడా సైనికుడే. 1848లో పంజాబులోని రామ్‌నగర్ యుద్ధంలో మరణించాడు. అతని కుమారుడు ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ కత్తి విడిచి కలం పట్టాడు. నేటాల్‌కూ, సింహళానికీ గవర్నరుగా పనిచేసి, 1896లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు.

అప్పటికి మద్రాసు, కలకత్తాల నడుమ తూర్పు తీరం వెంట రైలుమార్గం సిద్ధమవుతున్నది గాని గోదావరి అడ్డుపడింది. 1897లో వంతెన పని మొదలైంది. ఇంజనీరు వాల్టన్ పర్యవేక్షణలో 56 ఖానాలతో, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున పూర్తయి 1900 ఆగస్టులో రైళ్లకు తెరచుకున్నది. అప్పటి గవర్నరు పేరే దానికి పెట్టారు. తొంభై ఏడేళ్లపాటు గోదావరి వరదలకు ఎదురు నిలిచి, 1997లో దాని బరువును కొత్త కమాను వంతెనకు అప్పగించింది. ఆ వంతెన మీదుగా చదువులకూ, ఉద్యోగాలకూ, పెళ్లిళ్లకూ, పుష్కరాలకూ వెళ్లిన లక్షల మందికి హేవలాక్ ఎవరో తెలియవలసిన అవసరం రాలేదు. పేరు వారిదే అయిపోయింది.

ఈనాటి హేవలాక్‌లు

ఆర్థర్ పరిపాలించిన కొలంబోలో హేవలాక్ టౌన్ అనే పేట ఉన్నది. సేనాని హెన్రీ పేరున న్యూజిలండ్‌లో హేవలాక్, హేవలాక్ నార్త్ అనే రెండు ఊళ్లున్నాయి. కెనడాలోని అంటారియోలో ఒకటి, అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒకటి ఉన్నాయి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు రాజధాని లింకన్‌లో కూడా హేవలాక్ అనే పేట ఉన్నది. కథలోని రాకుమారుడు కట్టెలు కొట్టిన ఊరి పేరూ, అతని పేరూ ఏ ప్రయత్నమూ లేకుండానే ఒకచోట చేరాయి.

ఊళ్లు ఇన్ని ఉన్నా మనుషులు మాత్రం కొద్దిమందే. మూల కుటుంబాలు నేటికీ ఇంగ్లండు ఈశాన్యంలో ఉన్నాయి. వలస పోయినవారి శాఖలు కెనడా, అమెరికా, ఆస్ట్రేలియాలలో ఉన్నాయి. వీరిలో చెప్పుకోదగినవారు యుద్ధరంగానికి వెలుపలే కనిపిస్తారు. న్యూకాజిల్‌లో పుట్టిన గణితవేత్త థామస్ హేవలాక్ కదిలే ఓడ వెనుక అలలు ఎలా ఏర్పడతాయో, అవి ఓడను ఎంత వెనక్కు లాగుతాయో లెక్కకట్టాడు. ‘సముద్రక్రీడ’ అనే పేరుకు అంతగా తగిన పని మరొకటి లేదు. ఎరిక్ హేవలాక్ అనే గ్రీకు పండితుడు, నోటి మాట మీద నడిచిన సమాజం వ్రాత నేర్చినప్పుడు దాని ఆలోచనే ఎలా మారిపోతుందో 1963లో ప్లేటోపై రాసిన గ్రంథంలో చర్చించాడు. సేనాని కుమారుడు మాత్రం 1880లో తన ఇంటిపేరుకు మరొకటి జతచేసి హేవలాక్-అలన్ అయ్యాడు. అతడు 1897 డిసెంబరు 30న ఖైబర్ కనుమ ప్రాంతంలో చంపబడ్డాడు.

స్వరాజ్ ద్వీపం

అదే డిసెంబరు 30, ఈ కథలో మరి రెండుసార్లు వస్తుంది. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాస్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేశాడు. అండమాన్, నికోబార్ దీవులకు షహీద్, స్వరాజ్ అనే పేర్లు పెట్టాలని సంకల్పించినది ఆయనే. సరిగ్గా డెబ్భై అయిదేళ్ల తరువాత, 2018 డిసెంబరు 30న, ప్రధాని నరేంద్ర మోదీ హేవలాక్‌ను స్వరాజ్ ద్వీపంగా, నీల్‌ను షహీద్ ద్వీపంగా, రాస్ దీవిని నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపంగా మార్చినట్టు ప్రకటించారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైంది.

ఇటువంటి తగవు కొత్తది కాదు. కాన్పూరులో నిర్దయకు పేరుపడిన నీల్ మద్రాసు సైన్యంవాడు. మద్రాసు మౌంటు రోడ్డులో అతని విగ్రహాన్ని తొలగించాలని 1927లో సత్యాగ్రహం జరిగింది. 1937లో రాజాజీ ప్రభుత్వం దానిని అక్కడినుంచి తీసివేయించింది. హేవలాక్ విగ్రహానికి లండన్‌లోనే ప్రశ్న ఎదురైంది. 2000లో నగర మేయరు కెన్ లివింగ్‌స్టన్, ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని ఆ సేనానులు ఎవరో తనకే తెలియదనీ, వారిని తొలగించి జనానికి తెలిసినవారిని నిలపాలనీ అన్నాడు. విగ్రహం కదలలేదు గాని, ఒక తరాన్ని ఉర్రూతలూగించిన పేరును సొంత రాజధానే మరచిందని తేలిపోయింది.

పేర్ల లెక్క ఒక్క ఉత్తరువుతో తేలేది కాదు. దీవిలోని పడవవారూ, విడిదిళ్లవారూ నేటికీ రెండు పేర్లూ వాడుతున్నారు. సింగపూరులో బోస్ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించాడు. అదే నగరంలోని హేవలాక్ రోడ్డు వద్ద 2022 నవంబరులో, దీవి పేరు మారిన నాలుగేళ్లకు, హేవలాక్ అనే కొత్త భూగర్భ రైలు స్టేషను తెరిచారు.

దీవిలోపలికి వెళితే వేరే పేర్లు వినిపిస్తాయి: గోవింద నగర్, శ్యామ నగర్, కృష్ణ నగర్, రాధానగర్. 1950 దశకంలో తూర్పు బెంగాల్‌నుంచి కాందిశీకులుగా వచ్చి, అడవి నరికి, వరి వేసి, ఇళ్లు కట్టుకున్నవారి గ్రామాలవి. వాటిని ఎవరూ విజయ చిహ్నాలుగా పెట్టలేదు. ఇల్లు పోగొట్టుకొన్నవారు తమ దైవాన్ని వెంట తెచ్చుకున్నారు, అంతే. ఆ పేర్లను మార్చాలని ఎవరికీ తోచలేదు.

తెలుగువారు కూడా ఆ సముద్రం దాటినవారే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి వచ్చిన జాలరి కుటుంబాలు ఎన్నో. వారి ఇంటిపేర్లు ఏ దీవికీ, ఏ వంతెనకూ పెట్టలేదు. బడి రిజిస్టరులోనూ, శుభలేఖ మీదనూ, పడవ పక్కనూ రాసి ఉంటాయి. గ్రిమ్ అనే జాలరి తన పడవలో ఒక పేరును దాటించినట్టే వారూ తమ పడవలలో తమ పేర్లను దాటించారు.

ఇక ‘సముద్రక్రీడ’ సంగతి. 2004లో ‘టైమ్’ పత్రిక రాధానగర్ తీరాన్ని ఆసియాలోకెల్లా ఉత్తమమైనదిగా పేర్కొన్నది. నాటినుంచి దేశదేశాలనుంచి యాత్రికులు ఆ నీళ్లలో ఈదడానికీ, పగడపు దిబ్బల మధ్య మునిగి చేపలను చూడడానికీ వస్తున్నారు. సేనాని ఆ దీవిలో ఆడలేదు, ఖైదీలు ఆడలేదు. పాత పేరు పటం మీదినుంచి తొలగిపోతున్న రోజులలోనే, ఆ పేరుకు వెయ్యేళ్లనాడు ఉన్నదని చెప్పే అర్థం అక్కడ నిజమైంది.